గడ దిగినంత లోతు

మొదటి రోజు: హనుమకొండ

నా ఉద్యోగం గురించి మా నాన్న చుట్టాలకు చెప్పే మాట ఒకటే: "సముద్రానికి సర్వే నంబర్లు వేస్తుంది." రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయనకు అలాగే తోస్తుంది. పూర్తిగా తప్పని కూడా అనలేను. తమిళనాడులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా వరుసగా ఉన్న 21 దీవులను, వాటి చుట్టూ ఉన్న నీళ్లను 1986లో మన్నార్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఆ నీళ్ల అడుగున ఎక్కడ బతికి ఉన్న పగడం ఉంది, ఎక్కడ చచ్చి నాచు పట్టిన పగడం ఉంది, ఎక్కడ విరిగిన ముక్కలు, ఎక్కడ ఇసుక, ఎక్కడ సముద్రపు గడ్డి అని హద్దులు గీసి రంగులు వేయడం మా బృందం పని. ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. నాన్న భాషలో చెప్పాలంటే ఏది మాగాణి, ఏది మెట్ట, ఏది బీడు అని తేల్చడం. కాకపోతే ఈ భూమి మీద నిలబడి చూడలేం, పట్టాదారు వచ్చి హద్దు రాయి చూపించడు.

ఈసారి డిసెంబరు సెలవుకు వస్తూ బట్టల పెట్టెలో శబ్దంతో నీటి లోతు కొలిచే ఒక చిన్న సోనార్ పెట్టెను కూడా తెచ్చాను. సర్వే ఓడల మీద ఉండే పెద్ద యంత్రం కాదు. సరదాగా చేపలు పట్టేవాళ్ల కోసం అమ్మే రకం. అరచేతులు రెండు కలిపినంత తెర, నీళ్లలో ముంచే ఒక గుండు, 12 వోల్టుల బ్యాటరీ. మా పిన్ని కొడుకు జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నాడు. పాకాల చెరువులో ఒక మూల అడుగున ఏయే రకం నేల ఉంది, ఏ నేల మీద ఏ చేప ఉంటుంది అని ప్రాజెక్టు తీసుకున్నాడు. అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కూడా తనే తిరిగి తెచ్చుకున్నాడు. "పగడాల అడుగునే గీస్తావు, చెరువు నీకెంత అక్కా" అన్నాడు ఫోనులో. నేనూ అలాగే అనుకున్నాను.

సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద కాసేపు నడిచాను. 2024 చివర్లో పూడిక తీయడానికి ఈ చెరువు నీళ్లు వదిలేసినప్పుడు ఊరంతా వచ్చి అడుగును చూసిందట. ఆ ఫొటోలు తమ్ముడు నాకు పంపి, "చూడు, నీ సోనార్ అవసరమే లేదు" అని ఎగతాళి చేశాడు. ఎండిన బురద పెళ్లలు, సీసాలు, దేవుడి బొమ్మల కమ్మీలు. నాకెందుకో అది అడుగులా అనిపించలేదు. నీళ్లు పోతే అక్కడ బతికేవన్నీ పోతాయి, మిగిలేది మైదానం. అడుగును నీళ్లుండగానే చూడాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

రాత్రి అమ్మ దగ్గర ఒక తెల్ల పింగాణీ పళ్లెం అడిగి, దాని కింద ఇనుప ముక్క కట్టి, మూరకో ముడి వేసిన తాడు బిగించాను. "అన్నం తినే పళ్లెం" అని అమ్మ గొణిగింది.

రెండో రోజు: పాకాల

నర్సంపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఖానాపురం దాటి అడవి మొదలయ్యాక చలి ఒక్కసారిగా పెరిగింది. రెండు గుట్టల మధ్య ఖాళీని కట్టతో మూసేస్తే చెరువు అవుతుందని ఎనిమిది వందల ఏళ్ల కిందట కాకతీయ గణపతిదేవుని కాలంలో ఎవరో ఇక్కడ నిలబడి చూసి ఉంటారు. ఆ చూపును తలచుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎక్కడ కట్టాలో చెప్పే ఉపగ్రహ చిత్రం లేదు, లోతు కొలిచే పరికరం లేదు. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు ఇవాళ్టికీ ఆ కట్ట వెనక నిలిచే ఉన్నాయి. చుట్టూ అడవిని 1952లో అభయారణ్యం చేశారు.

కట్ట మీద అటవీశాఖ మనిషి మా ఉత్తరం రెండుసార్లు చదివి, పొద్దుగూకేలోపు గట్టుకు రావాలని చెప్పి పంపించాడు. మొసళ్లున్నాయని కూడా చెప్పాడు. మాట చల్లగా చెప్పాడు కాబట్టి నిజమే అనిపించింది.

మమ్మల్ని నీళ్ల మీదికి తీసుకెళ్లడానికి తమ్ముడు ఒక పెద్దాయనను మాట్లాడి పెట్టాడు. అరవై దాటి ఉంటాయి. తమ్ముడు "కాకా" అని పిలిచాడు, నేనూ అదే పట్టుకున్నాను. ఆయన నా సోనార్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ పెట్టెకు ఏం కనపడుతుంది బిడ్డా?"

"లోతు కనపడుతుంది కాకా. కింద గట్టి నేలా, మెత్తటి నేలా అనేది కూడా కొంచెం చెబుతుంది."

"కొంచెమేనా?"

ఆ మాటకు తమ్ముడు నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను. సరిగ్గా ఆ "కొంచెం" గురించే మా వృత్తి అంతా. సోనార్ కిందికి ఒక శబ్దం పంపుతుంది, అది అడుగుకు తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో లెక్కవేస్తే లోతు. ఎంత గట్టిగా వచ్చిందో చూస్తే నేల రకం. రాయికి తగిలిన శబ్దం గట్టిగా వస్తుంది, ఒక్కోసారి నీటి పైభాగానికి తగిలి మళ్లీ కిందికి పోయి రెండోసారి కూడా వస్తుంది. బురద దాన్ని తాగేస్తుంది. గడ్డీ నాచూ ఉంటే అడుగు మీద పొగ పట్టినట్టు కనపడుతుంది. అయితే తెర మీద ఒకేలా కనపడే రెండు చోట్ల ఒకదాంట్లో పగడం, ఇంకోదాంట్లో ఉత్త బండ ఉండవచ్చు. ఆ తేడా చెప్పడం శబ్దం వల్ల కాదు. దిగి చూడాలి.

మొదట పుట్టిలో బయలుదేరాం. అది నా తప్పు. పటం కోసం సోనార్‌ను సమాన దూరంలో నిలువు గీతల మీద నడపాలి, పొలంలో నాగలి చాళ్లలాగా. పుట్టికి ముందూ వెనకా లేవు, అది తిరగడమే తప్ప సాగదు. అరగంట తర్వాత తెర మీద మా దారి చూస్తే జిలేబీ చుట్ట. గట్టుకు తిరిగొచ్చి చిన్న ఫైబర్ పడవ అడిగి తెచ్చుకునేసరికి పదకొండయింది. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న మూలను ఎంచుకున్నాం. 50 మీటర్లకో గీత చొప్పున 11 గీతలు. ఆ రోజు ఐదు పూర్తయ్యాయి.

మధ్యలో అమ్మ పళ్లెం దింపాం. తెల్ల పళ్లెం ఎంత లోతులో కంటికి కనపడకుండా పోతుందో చూసి నీటి తేటదనం కొలిచే పద్ధతి ఇది. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ పూజారి, ఖగోళ శాస్త్రవేత్త, మధ్యధరా సముద్రంలో మొదలుపెట్టాడు. ఇప్పటికీ దాన్ని మించిన చౌకబేరం లేదు. మన్నార్‌లో గాలి లేని రోజుల్లో నీళ్లు తేటగా ఉంటే పడవలోంచి పగడం కొమ్మలు లెక్కపెట్టవచ్చు. అలాంటి చోట్ల ఉపగ్రహ చిత్రాలు కూడా పనికొస్తాయి. 10 మీటర్ల చదరం ఒక చుక్కగా వచ్చే చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. కాంతిలో ఎరుపును నీళ్లు ముందే మింగేస్తాయి, నీలం లోతు దాకా పోతుంది. ఆ తేడాను పట్టుకుని లోతును అంచనా వేస్తారు. అక్కడ మా తలనొప్పి ఇంకోటి: పైనుంచి చూస్తే సముద్రపు గడ్డీ నల్లగానే ఉంటుంది, నాచు పట్టిన చచ్చిన పగడమూ నల్లగానే ఉంటుంది. ఒకటి ఆవులియాలు, అంటే సముద్రపు ఆవులు, మేసే పచ్చిక, ఇంకోటి శవం.

పాకాలలో పళ్లెం రెండు మూరలు దిగకముందే మాయమైంది. ఉపగ్రహం సంగతి అక్కడితో సరి.

సాయంత్రం తిరిగి వస్తుంటే కాక తెడ్డు పక్కన పెట్టి వెదురు గడ తీసుకున్నారు. ఇరవై అడుగులు ఉంటుంది. లోతు తక్కువగా ఉన్నచోట గడతో తోస్తూ, నా తెర వైపు చూడకుండానే ప్రతి పోటుకూ ఒక మాట అనడం మొదలుపెట్టారు. "మొరం." ఇంకో పోటు. "మొరమే." ఇంకోటి. "ఒండ్రు." "ఒండ్రు, కింద రేగడి." "రాయి." తమ్ముడు గబగబా పుస్తకంలో రాసుకున్నాడు. ఎలా తెలుస్తుంది అని అడిగాను.

"టక్కుమంటే రాయి. కరకరమంటే మొరం. ఏమీ అనకుండా మింగితే ఒండ్రు. గడ పైకి తీసేటప్పుడు విడవకుండా పట్టుకుంటే దాని కింద రేగడి."

పాతకాలం ఓడల్లో లోతు కొలిచే సీసపు గుండు అడుగున కొవ్వు పూసేవారు. గుండు పైకి లాగినప్పుడు దానికి ఇసుక అంటుకుని వస్తే ఇసుక నేల, ఏమీ అంటకపోతే బండ. యంత్రాలు రాకముందు సముద్రం అడుగుల పటాలన్నీ ఆ కొవ్వు ముద్ద మీదే తయారయ్యాయి. కాక అరచేతికి కొవ్వు కూడా అక్కర్లేదు.

మూడో రోజు: పాకాల

పొద్దున్నే మిగిలిన గీతలు మొదలుపెట్టాం. నీళ్ల మీద మంచు ఇంకా విడవలేదు. దూరంగా బాతుల గుంపు, మా పడవను చూసి లేచి, కొంచెం అవతల మళ్లీ కూర్చుంది.

నిన్న గడ చెప్పినవీ, తెర చూపినవీ రాత్రి కూర్చుని పక్కపక్కన పెట్టుకున్నాను. రెండు రకాల తేడా వచ్చింది. మొరం ఉన్నచోట గడ 4 మీటర్లు అంటే నా పెట్టె 4 మీటర్ల 13 సెంటీమీటర్లు అంటోంది. ఒండ్రు ఉన్నచోట దీనికి తిరగబడింది, గడే ఎక్కువ లోతు చూపిస్తోంది. ఒకచోట అయితే మోకాలెత్తు తేడా. తమ్ముడు వెంటనే గడ వంకర అన్నాడు. టేపు పెట్టి కొలిచాం. గడకు వంకలేదు.

మొరం దగ్గర తేడా నా నిర్లక్ష్యం. నీళ్లలో శబ్దం ఎంత వేగంగా పోతుందో పెట్టెకు ముందుగా చెప్పాలి. ఉప్పు, వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. మన్నార్‌లో వేడి ఉప్పునీళ్లకని సెకనుకు 1,540 మీటర్లు పెట్టి ఉంచాను. డిసెంబరు చలిలో పాకాల మంచినీళ్లలో అది 1,490 మీటర్ల చిల్లరే. పెట్టె సముద్రంలోనే ఉన్నాననుకుని లెక్కలు వేస్తోంది. ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి చేయాల్సిన పొరపాటు కాదు. గట్టు మీద ఉన్నవాళ్లెవరికీ చెప్పవద్దని తమ్ముడితో అన్నాను. వాడు ఆ రాత్రికే ఇంట్లో చెప్పేశాడు.

ఒండ్రు దగ్గరి తేడా మాత్రం ఇద్దరి తప్పూ కాదు. నా పెట్టె పంపే సన్నటి శబ్దం మెత్తటి బురద పైపొరకు తగిలి అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. గడ ఆ బురదలోకి దిగి కింద రేగడిని తాకాక ఆగుతుంది. ఒకరు పూడిక పైభాగాన్ని, ఇంకొకరు పూడిక అడుగును కొలుస్తున్నారు. రెండింటి మధ్య తేడా తీస్తే ఆ చోట ఎంత మెత్తటి పూడిక పేరుకుందో వచ్చేస్తుంది! మేం వెతుకుతున్న లెక్క అది కాదు. ఉచితంగా దొరికింది. ఒక గీత మొత్తం మళ్లీ నడిపాం, తెరా గడా పక్కపక్కనే.

"నేనొకటి, అదొకటి చెబితే నువ్వు ఏది రాస్తావు?" అని కాక అడిగారు.

"రెండూ రాస్తాను కాకా."

"అప్పుడు బాగుంటుంది."

మధ్యాహ్నం ఒక చోట తెర మీద అడుగు నుంచి నిలువుగా పుల్లల్లాంటివి లేచాయి. మునిగిన మొద్దులు. వలలు చిరిగే చోటని కాక ముందే చెప్పారు. అక్కడికి చేరడానికి ఆయన వాడిన గుర్తులు చూసి నాకు మన్నార్ గుర్తొచ్చింది. ఎదురుగా గుట్ట కొన, దాని ముందు ఒక ఎండిన చెట్టు ఒకే వరుసలోకి రావాలి. పక్కన కట్ట మీద తూము, దాని వెనక ఇంకో గుట్ట వరుసలోకి రావాలి. ఆ రెండు వరుసలు కలిసేచోట మొద్దులు. జీపీఎస్‌తో పోల్చాం. తేడా పడవ పొడవంత.

అక్కడ మన్నార్ జాలర్లు కూడా ఇంతే. అడుగున గట్టి బండ నేలను "పార్" అంటారు. మనకు పార అంటే మట్టి తవ్వేది, మొదట్లో నేను చాలా తికమక పడ్డాను. పూర్వం ముత్యపు చిప్పల కోసం మునిగినవాళ్లు ప్రతి పార్‌కూ ఒక పేరు పెట్టుకున్నారు. తూత్తుకుడి ఎదుట తొళాయిరం పార్ అని ఉంది, "తొమ్మిది వందల బండ". మేం కొత్తగా చేరినప్పుడు సోనార్ వేసి బండ కనుక్కున్నామని సంబరపడి చెబితే, పడవ నడిపే ఆయన దాని పేరు చెప్పాడు, వాళ్ల తాత పేరు కూడా చెప్పాడు. ప్రపంచం మొత్తం సముద్రం అడుగులో ఆధునిక సోనార్‌తో కొలిచింది ఇప్పటికి నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. మిగతాదాంట్లో ఎంత భాగానికి ఎవరెవరి నోట్లో పేర్లున్నాయో ఎవరూ కొలవలేదు.

సాయంత్రం పడవను తుంగ, కలువ తీగలు అల్లుకున్న ఒక లోతు తక్కువ చోటికి తిప్పాం. నా గీతల్లో ఒకటి అటే పోతుంది. కాక గడ ఆపేశారు.

"ఇది రాసుకోకు బిడ్డా."

"ఎందుకు కాకా?"

"వానాకాలంలో కొర్రమట్ట ఇక్కడ గూడు పెడుతుంది. ఎర్రటి పిల్లలు, గుంపుగా. తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ పిల్లల గుంపు కింద గాలం వేస్తే పెద్దది వచ్చి కరుస్తుంది. పిల్లల కోసం. ఆ సంగతి తెలిసినవాడికి చోటు తెలియకూడదు."

కొర్రమట్ట అంటే కొర్రమీనే, తెలంగాణ రాష్ట్ర చేప. మన చెరువు చేపల్లో మంచి ధర పలికేవాటిలో ఇదొకటి.

తమ్ముడికి కోపం వచ్చింది, బయటకు చూపించలేదు. ఆటోలో అన్నాడు: "ఇక్కడే కదక్కా అసలు విషయమంతా ఉంది. ఏ నేల మీద ఏ చేప అని నా ప్రాజెక్టు పేరు. అదొక్కటీ వదిలేస్తే ఏం మిగులుతుంది?" నాకు వెంటనే జవాబు తట్టలేదు. మన్నార్‌లో మేమూ కొన్ని చోట్ల అక్షాంశ రేఖాంశాలు బయటికి ఇవ్వం. సముద్రదోస అనే, అడుగున పాకే మెత్తటి జీవిని 2001లో పులితో సమానంగా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, అయినా దొంగతనంగా పట్టి దాటిస్తూనే ఉన్నారు. అది ఎక్కువగా ఉన్న చోటును పటంలో గుర్తు పెట్టడం అంటే తాళం చెవి గుమ్మానికి వేలాడదీయడం. అక్కడ ఆ నియమం నాకు ఎవరో రాసిచ్చినది, పాటించాను. ఇక్కడ ఒక మనిషి గడ ఆపి అడిగాడు.

ప్రాజెక్టు వాడిది, నాది కాదు. ఆ మాట కూడా నిజమే.

నాలుగో రోజు: మల్లంపల్లి, ములుగు

గాలి. తెల్లవారుజాము నుంచి చెట్లు ఊగిపోతున్నాయి, అలల మీద ఈ చిన్న పడవతో గీత నడపలేం. ఇంట్లో కూర్చుంటే తమ్ముడితో అదే గొడవ. భూగర్భ శాస్త్రం చెప్పి రిటైరైన నాన్న స్నేహితుడొకరు హనుమకొండలోనే ఉన్నారు, ఆయన్ను చూడటానికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టలేదు. కారు తీయించారు.

ములుగు రోడ్డు మీద వెళుతుంటే ఆయన అడిగారు: "మల్లంపల్లి, జాకారం, ములుగు. ఇవేమిటి?"

"బస్సు స్టాపులు" అన్నాడు తమ్ముడు.

"రాళ్ల పేర్లు."

నిజంగానే. ఈ ప్రాంతపు శిలల్లో కింది సముదాయానికి మల్లంపల్లి అని, దాని పైదానికి ములుగు అని భూగర్భ శాస్త్రంలో పేర్లు. అందులోనే ఒక పొరకు జాకారం పేరు. అన్నిటినీ కలిపి పాకాల శిలలు అంటారు. 1881లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రాణహిత, గోదావరి లోయ గురించి అచ్చువేసిన పెద్ద నివేదికలో ఈ రాళ్లను వర్ణించాడు. పేరు మన చెరువుదే. ఇవన్నీ నీటి అడుగున పేరుకున్న మట్టీ ఇసుకా సున్నమూ. వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాట. వాటిలో చాలా భాగం లోతు తక్కువ సముద్రం అడుగు.

నాకు కాసేపు మాట రాలేదు. ఒక సముద్రానికి పాకాల పేరు ఉందన్న సంగతి, సముద్రాల అడుగులు గీసే నాకు, ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లోనే పెరిగిన నాకు తెలియదు. నిన్నా మొన్నా మేం లోతు కొలిచిన చెరువు రెండు గుట్టలకు ఆనుకుని నిలబడింది. ఆ గుట్టలు పాత సముద్రపు అడుగు.

ఒక గుట్ట మొదట్లో కారు ఆపి, గట్టి ఇసుకరాయి బండ మీద ఆయన చేయి పెట్టి చూపించారు. అలల గీతలు. లోతు తక్కువ నీళ్లలో ఇసుక మీద అలలు వేసే ముడతలు, అచ్చం మన్నార్‌లో క్రుసడాయి దీవి దగ్గర నేను కెమెరాలో రోజూ చూసేవి, రాయిగా మారి. నా వేళ్లు ఆ గీతల మధ్య సరిగ్గా పట్టాయి. దగ్గర్లోనే రామప్ప గుడి ఉంది, నీళ్ల మీద తేలే ఇటుకలు చూద్దామని తమ్ముడు అడిగాడు. ఆ రోజు నాకు మునిగినవాటి మీదే ధ్యాస.

మధ్యాహ్నం వాళ్ల ఇంటి వరండాలో అసలు వస్తువు చూపించారు. ఉద్యోగం రోజుల్లో మంచిర్యాల వైపు సున్నపురాయి గని నుంచి తెచ్చుకున్న పలక, చెప్పులు విడిచే చోట ఆనించి ఉంది. అడ్డంగా కోసిన ఉల్లిపాయలు పక్కపక్కన పేర్చినట్టు, పొర మీద పొర, గుమ్మటాలు గుమ్మటాలుగా. స్ట్రోమటోలైట్లు. కంటికి కనపడని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు చాపలాగా పరుచుకుంటాయి, పైన సన్నటి మట్టి పడుతుంది, వెలుతురు కోసం మట్టిని దాటి పైకి పాకి మళ్లీ చాపవుతాయి. అలా ఏళ్ల తరబడి ఎత్తు పెరిగిన కట్టడం. పగడాలకు ముందు సముద్రం అడుగున దిబ్బలు కట్టింది ఇవే. ఇప్పుడు దిబ్బలు కట్టే రకం పగడాలు వచ్చి ఇంకా పాతిక కోట్ల ఏళ్లు కూడా కాలేదు. ఈ రకం దిబ్బలు బతికి ఉన్నవి చూడాలంటే ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే లాంటి కొద్ది చోట్లకే పోవాలి, రాయిగా మారినవి చూడాలంటే ఆ వరండాకు.

"అటువైపు గనుల్లో ఇలాంటి రాయి సిమెంటుకు పోతుంది" అన్నారాయన, టీ చల్లారబెట్టుకుంటూ. కోపంగా కాదు, సమాచారం చెప్పినట్టు.

మన్నార్‌లో కూడా దశాబ్దాల పాటు, బతికి ఉన్న పగడాన్నే గునపాలతో పెకలించి సున్నానికి, ఫ్యాక్టరీలకు పంపారు. 2001లో పగడాలనూ మొదటి షెడ్యూలులో చేర్చాక అది తగ్గుముఖం పట్టింది. 21 దీవుల్లో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. వాటి చుట్టూ అలల్ని ఆపే పగడపు దిబ్బను తవ్వేయడం అందుకు పెద్ద కారణం. మా పటంలో వాటిని గీతలతో కాకుండా చుక్కలతో గీస్తాం.

తమ్ముడు ఆ పలకను ఫొటో తీస్తూ అడిగాడు: "ఇంత మంచి చోటు ఎక్కడుందో ఖచ్చితంగా చెబుతారా సార్? స్నేహితులతో వెళతాను." ఆయన నవ్వి, "మంచిర్యాల వైపు" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. తిరుగు దారిలో తమ్ముడు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఐదో రోజు: పాకాల

గాలి తగ్గింది. గీసిన పటం నిజమో కాదో పరీక్షించే రోజు ఇది. పటం తయారీకి వాడని చోట్లకు పోయి, దిగి చూసి, సరిపోయిందా లేదా లెక్కపెట్టాలి. చోట్లు మనం ఎంచుకుంటే మనకు అనుకూలంగా ఎంచుకుంటాం, అందుకని చీటీలు వేశాం. నలభై ఒక్క చీటీలు తమ్ముడి టోపీలో. కాక ఒక్కో చీటీ తీసి ఇస్తుంటే పడవ అటు తిప్పాం.

"చీటీ తీసి చేపలు పడితే ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నారు.

ఇనుప చట్రానికి కెమెరా, టార్చిలైటు కట్టి దింపితే అడుగు ఒక మూరెడు మేర మాత్రం మసక పసుపులో కనపడింది. ఒండ్రు మీద నత్తల దారులు. మొరం మధ్య ఆలిచిప్పల పెంకులు. చూసిన నలభైలో ముప్పయి మూడు సరిపోయాయి. తప్పిన ఏడింటిలో ఐదు ఒకే రకం: తెర గట్టినేల అంది, కెమెరాలో పెంకుల పొర, కింద బురద. గడ ఆ ఐదింటినీ ముందే బురద అని చెప్పింది, మా పుస్తకంలో తమ్ముడి రాతలోనే ఉంది. పడవ గట్టుకు తగిలేలోపు ఆ రంగు మార్చేశాం.

ఒక చీటీ తుంగలోకి వచ్చింది. కాక చేతిలోనే ఉంది అది. ఆయనకు చదువు రాదు, అయినా మేం అటు చూసిన తీరును బట్టి అర్థమైంది. చీటీ తిరిగి టోపీలో వేయబోయారు. తమ్ముడు దాన్ని తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంకోటి తీయి కాకా" అన్నాడు.

గట్టు మీద డబ్బు ఇస్తే కాక లెక్కపెట్టకుండా నడుముకు దోపుకున్నారు. పటం అచ్చయ్యాక ఒకటి తెచ్చి ఇవ్వాలని మాత్రం గట్టిగా చెప్పారు. పెద్దదిగా ఉండాలట, గోడకు.

ఆరో రోజు: హనుమకొండ

పెద్దదిగా అంటే ఫ్లెక్సీయే. చౌరస్తా దగ్గర షాపులో ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకూ, ఒక నర్సరీ బడి ప్రవేశాలకూ మధ్య మా వంతు వచ్చింది. ఒండ్రుకు గోధుమరంగు, మొరానికి ఇటుక రంగు, రాయికి బూడిద, నాచుకు ఆకుపచ్చ, మొద్దులకు నల్ల చుక్కలు. పేర్లన్నీ కాక అన్న మాటలే పెట్టాడు తమ్ముడు. శాస్త్రం పేర్లు రిపోర్టులో ఉంటాయిలే అన్నాడు.

యంత్రం నుంచి ఆరడుగుల పాకాల మెల్లగా బయటికి జారింది. షాపు కుర్రాడు దాన్ని బల్ల మీద పరిచి, అంచులు కత్తిరించబోతూ ఆగాడు. ఒక పక్కన అరచేతి మందాన తెల్లగా ఉన్న చోటు మీద వేలితో రుద్ది చూశాడు.

"అన్నా, ఇక్కడ రంగు పడలేదు. డబ్బులు వద్దులే, ఇంకోటి తీస్తాను."

"పడింది. అంతే అది" అన్నాడు తమ్ముడు.